ఒక్క తన్నుకు పోని నొప్పి

నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. తల ముందు రావాల్సిన చోట నా కాళ్ళు ముందు వచ్చాయి. ఆ కాన్పులో మా అమ్మ బతకడమే గొప్ప అని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పుట్టుకతోనే ఒక పని దొరికింది. మా వైపు ఎవరికైనా ఉన్నట్టుండి నడుము పట్టుకుంటే, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ దగ్గరికి పోయి బోర్లా పడుకుంటారు. నొప్పి ఉన్న చోట వాళ్ళు ఎడమ కాలితో మూడుసార్లు తన్నాలి. గట్టిగా కాదు, దుమ్ము దులిపినట్టు. తన్నించుకున్నవాళ్ళు లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అంతటితో నొప్పి పోయినట్టే.

మా ఊరు నిమ్మనపల్లె దగ్గర. మా అమ్మ టమోటా తోటల్లో కూలికి పోయేది. ఎవరి తోటల్లో వంగి కలుపు తీసేదో ఆ రైతులే, నడుము పట్టుకున్న పొద్దు మా గుమ్మం ముందు కండువా పరుచుకుని బోర్లా పడుకునేవాళ్ళు. నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. మీసాలున్న పెద్దమనుషులు నా కాలి కింద "మెల్లగా తల్లీ, మెల్లగా" అని మూలుగుతుంటే నాకు భలే గర్వంగా ఉండేది. అంత అధికారం ఆ తర్వాత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

రెండు మూడు రోజులకల్లా వాళ్ళు మామూలుగా నడుచుకుంటూ వీధిలో కనిపించేవాళ్ళు. "నీ కాలు మంచిదమ్మా" అనేవాళ్ళు. దాంతో నా బుర్రలో ఒక సంగతి గట్టిగా కూర్చుండిపోయింది. నొప్పి అంటే ఎక్కడి నుంచో వచ్చి పట్టుకునేది, సరైనవాళ్ళు ఒక్క తన్ను తంతే లేచి పోయేది. ఈ నమ్మకం తర్వాత నావి నాలుగేళ్ళు తినేసింది.

ఇప్పుడు నేను బస్సు కండక్టర్ని. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బండి నాది. మా ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషిని నేనే. యూనిఫాం వేసుకున్న మొదటి రోజు మా అమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఎండ తగలదు గదా మ్మే?" అని అడిగింది. తగలదన్నాను. ఆ మాట ఒక్కటి చాలు ఆమెకు. బస్సులో నాకున్న సుఖం వేరు. నాకు మనుషుల సంగతులు కావాలి. ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు, సంచిలో ఏముంది, మొహం ఎందుకట్లా ఉంది. టికెట్టు కొట్టే వంకతో ఇవన్నీ తెలుసుకోవచ్చు. నన్ను తీసుకుపోయి ఏదో ఆఫీసు గదిలో రిజిస్టర్ల ముందు కూర్చోబెడితే ఊపిరాడక పోతానని నాకు ముందు నుంచీ భయం.

నొప్పి మొదలైంది ఒక టమోటా క్రేటుతో. మార్కెట్టు నుంచి వచ్చిన ఒకాయన దాన్ని బస్సులో దారికి అడ్డంగా పెట్టాడు. నేను వంగి పక్కకు జరిపాను, నడుములో చురుక్కుమంది. వారంలో తగ్గింది. నెలకు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇక పోలేదు. కుడివైపు నడుములో మొదలై తుంటి మీదుగా పిక్క దాకా దిగేది. పొద్దున పలచగా ఉండేది, సాయంత్రానికి చిక్కబడేది. నాలుగేళ్ళు నాతోపాటు అదీ డ్యూటీ చేసింది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. డిపోలో తెలిస్తే మెడికల్ బోర్డుకు పంపుతారని, బోర్డు పనికిరాదంటే బస్సు దింపేస్తారని భయం. ఊళ్ళో తెలిస్తే ఇంకో తలనొప్పి. ఊరందరి నడుములూ బాగుచేసిన కాలు నాది. నాకే నడుము నొప్పి అంటే శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే గదా, నవ్వరా? పండక్కో పబ్బానికో ఊరికి పోతే ఇప్పటికీ ఒకరిద్దరు వచ్చి బోర్లా పడుకుంటారు. పళ్ళు బిగబట్టి గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి వాళ్ళను తన్నేదాన్ని. వాళ్ళు హాయిగా లేచి పోయేవాళ్ళు. నేను లోపలికి పోయి గోడకు చేరగిలబడేదాన్ని.

తెలిసినవాళ్ళు ఇద్దరే. మదనపల్లె ఇంట్లో నాతో ఉండే అమ్మ, బస్సులో డ్రైవరన్న. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, మాటలు తక్కువ. అద్దంలో వెనక ఏం జరుగుతోందో అంతా చూస్తాడు కానీ ఒక్క మాటా అనడు.

ఇక వైద్యాలు. నాకు కావాల్సింది ఒక్క తన్ను. ఆ తన్ను ఎవరి దగ్గర ఉందో వెతుక్కుంటూ తిరిగాను. అమ్మ ఆముదపాకు వెచ్చచేసి కట్టింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక ముసలాయన కాల్చిన పసుపుకొమ్ముతో నడుము మీద మూడు చురకలు పెట్టాడు. ఆ పుండ్లు మానేవరకు నడుము నొప్పి తెలియలేదు, అదొక్కటే లాభం. ఒక డాక్టరు సూదులు వేశాడు. ఇంకొకాయన స్కాను తీయించి, డిస్కు కొంచెం పక్కకు జరిగిందన్నాడు. ఆ మాట వినగానే నా కళ్ళకు ఆ టమోటా క్రేటే కనిపించింది. నడుములో ఏదో దారికి అడ్డంగా జరిగి కూర్చుంది, ఎవరైనా నెట్టేస్తే చాలు అనుకున్నాను. మీ వయసులో నొప్పి లేనివాళ్ళకు కూడా స్కానులో ఇట్లాంటివి కనిపిస్తాయి, మరీ భయపడొద్దు అని ఆయన తర్వాత చెప్పిన మాట నా చెవికెక్కలేదు. బెంగళూరు నుంచి తెప్పించుకున్న బెల్టు ఒకటి ఏడాదిపాటు చీర కింద కట్టుకున్నాను. ఎండాకాలంలో దాని కింద చర్మమంతా పొక్కిపోయింది.

అన్నిటికంటే నాకే నవ్వొచ్చే వైద్యం శాంతిపురంలో జరిగింది. అక్కడ ఇడ్లీ అంగడి పెట్టుకున్న ఒక అక్క కూడా ఎదురుకాళ్ళతో పుట్టిందని బస్సులో ఒకావిడ మాటల్లో చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. నన్ను తన్నగల మనిషి ఒకరు ఉన్నారన్నమాట! వారపు సెలవు రోజు పనిగట్టుకుని శాంతిపురం పోయాను. ఇడ్లీలు అయిపోయే వేళకు అంగట్లో అడుగుపెట్టి, గొంతు తగ్గించి నా సంగతి చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి నా మొహం కాసేపు చూసింది.

"నువ్వూ ఎదురుకాళ్ళేనా?" అంది.

"అవునక్కా."

"అయితే ముందు నన్ను తన్ను మ్మా. మూడేండ్లుగా సూస్తాండా, ఒక్కరూ దొరకలే. నాకూ నడుమే."

తలుపు దగ్గరికి వేసి, గోనె పట్ట పరుచుకుని ఆమె పడుకుంది. నేను తన్నాను. తర్వాత నేను పడుకున్నాను, ఆమె తన్నింది. లేచి వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి కదా. అంగడి ఆమెదే, ఆమె ఎక్కడికి పోతుంది? అందుకని వెనక గుమ్మంలోంచి బయటికి పోయి, చుట్టు తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"తగ్గిందా అక్కా?"

"యాడిది? నీకు?"

"లేదు."

ఆమె ముందు నవ్వింది, నేను తర్వాత నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. మిగిలిన నాలుగు ఇడ్లీలు చెరి రెండు తిన్నాం. తిరుగు బస్సులో మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క ఆశా పోయింది. కానీ దాంతోపాటే ఒక ప్రశ్న కూడా పుట్టింది. మా ఇద్దరి కాళ్ళూ అంతమందికి పనిచేశాయి, మాకెందుకు పనిచేయలేదు? వాళ్ళ నొప్పీ మా నొప్పీ ఒకటి కాదా? నాలుగేళ్ళలో మొదటిసారి నొప్పిని తిట్టుకోవడం ఆపి, అసలు ఇదేంది అని అడిగాను.

ఆ ప్రశ్న పట్టుకునే పుంగనూరులో ఒక ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయాను. మందుల షాపు పైన ఒక్క గది. ఆమె నాకంటే చాలా చిన్నది. చెయ్యి వేసి నొక్కుతుందనుకుంటే, ముందు అరగంట కూర్చోబెట్టి మాట్లాడించింది. నా కాలి సంగతి చెబితే ఎగతాళి చేయలేదు, ముందుకు వంగి విన్నది.

"అక్కా, మీరు తన్నినవాళ్ళకు నొప్పి వచ్చి ఎన్ని దినాలైంటాది?" అని అడిగింది.

"ఆ పొద్దో, ముందురోజో వచ్చింటాది."

"అట్లా ఉన్నట్టుండి పట్టుకునేది చాలామందికి కొద్ది దినాల్లో దానంతట అదే తగ్గుతాది. మీ కాలు తగిలితే వాళ్ళకు భయం పోతాది. భయం పోతే బిగుసుకున్న నడుము వదులవుతాది. మీరు ఊరికే తన్నలేదులే అక్కా. కానీ నాలుగేండ్ల నొప్పి వేరే జాతి."

ఆమె నాకు ఒక పని పెట్టింది. రోజూ ఏ వేళకు నొప్పి ఎంతుందో, పదికి మార్కులేసుకుని రాయమంది. రెండు వారాల తర్వాత ఆ కాగితం తెమ్మంది.

వేళ చూసుకుంటూ రాయడం నాకు రాలేదు. కండక్టర్లకు టైము గడియారంలో ఉండదు, స్టేజీల్లో ఉంటుంది. మదనపల్లె బస్టాండు రెండు. పుంగనూరు నాలుగు. పుంగనూరు దాటాక చింతచెట్ల దగ్గర ఏడు. పలమనేరు నాలుగు. వి.కోట ఆరు. దాని అవతల ఎనిమిది. ఇట్లా రాసుకుంటూ పోతే అచ్చం ఛార్జీల పట్టికలా తయారైంది. అది చూసి నాకు మహా సంతోషం వేసింది. దొంగ దొరికాడు! చింతచెట్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా పెద్ద గుంత ఉంది. బస్సు అందులో దిగి ఎక్కిన ప్రతిసారీ నా నడుము విరిగినంత పనయ్యేది. నా నొప్పికి కారణం ఆ గుంతే అని తేల్చేశాను.

సరిగ్గా ఆ వారంలోనే చింతచెట్ల దగ్గర కొత్త రోడ్డు వేశారు. గుంత పోయింది. అద్దంలా తారు. ఆ రోజు పలమనేరు వైపు పోతూ మొదటిసారి ఆ కొత్త రోడ్డెక్కబోతుంటే పెళ్ళికి పోతున్నట్టు ఉంది నాకు. చింతచెట్లు కనిపించాయి. బస్సు చిన్న కుదుపు కూడా లేకుండా జారిపోయింది. నా నడుములో నొప్పి మాత్రం ఎప్పటిలాగే చురుక్కున లేచింది. ఏడు.

నమ్మలేక మర్నాడు చూశాను. ఏడు. ఆ మర్నాడు ఆరు. గుంత లేదు, నొప్పి మాత్రం తన స్టేజీలో ఎక్కుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. పలమనేరులో టీ తాగుతూ డ్రైవరన్నకు చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి నింపాదిగా చెప్పాడు.

"నేను సూస్తానే ఉండా గదమ్మా అద్దంలో. చింతమాన్లు కనపడంగానే నువ్వు రాడ్డు పట్టుకొని కట్టె మాదిరి బిగుసుకపోతావు. గుంత ఉండినా అంతే, లేకపోయినా అంతే."

"మరి ఇన్నాళ్ళు యాల చెప్పలేదన్నా?"

"నువ్వడగలేదు గదమ్మా."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. మర్నాడు ఆ చోటికి వచ్చేసరికి నన్ను నేనే చూసుకున్నాను. నిజం. చెట్లు ఇంకా దూరంగా ఉండగానే నా చెయ్యి రాడ్డు మీదికి పోయింది, పళ్ళు బిగుసుకున్నాయి, ఊపిరి ఆగింది. నాకు తెలియకుండా నా ఒళ్ళు ఇంత పని చేస్తోందా అని ఆశ్చర్యపోయాను. నాలుగేళ్ళు దాన్ని మోస్తూ ఒక్కసారీ దాని మొహం చూడలేదు.

కాగితం తీసుకుని పుంగనూరు మేడం దగ్గరికి పోయాను. ఛార్జీల పట్టిక చూసి ఆమె నవ్వింది, తర్వాత గుంత పూడ్చిన రోజుల మార్కుల దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. నాకు అప్పటికే అనుమానం పట్టుకుంది.

"అంటే ఇదంతా నా మనసులోనే ఉండాదంటావా మేడం? నేనేమన్నా నాటకాలాడతాండానా?" అని గట్టిగానే అడిగాను.

"లేదక్కా. నొప్పి నూటికి నూరుపాళ్ళు నిజం. గుంతే లేదు. మీ ఇంట్లో ఒకసారి దొంగలు పడినారనుకోండి. ఆ తర్వాత కుక్క ఆకు కదిలినా మొరగతాది. కుక్క మొరిగేది నిజమే గదా? దొంగ మాత్రం లేడు. మీ నరాలు ఇప్పుడు అట్లా మొరగతాండాయి. దాన్ని కొడితే ఇంకా మొరగతాది. మెల్లగా అలవాటు చెయ్యాల."

"పోతాదా, పోదా? అది చెప్పు."

"పోవచ్చు, పోకపోవచ్చు. తగ్గుతాది. దాంతో మీ పని మీరు చేసుకునేటట్లు చెయ్యొచ్చు. అంతవరకు నేను చెప్పగలను."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఒక్క తన్ను కోసం వస్తే ఈమె రోజూ ఇంత చొప్పున చేసుకోమంటుంది. అయినా కుతూహలం ఊరుకోదు కదా, మొదలుపెట్టాను. చింతచెట్లు కనిపించగానే చెయ్యి వదులుగా పెట్టి, ఊపిరి మెల్లగా వదలడం. సాయంత్రం పది నిమిషాల నడక, వారానికి రెండు నిమిషాలు పెంచుకోవడం. అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి. నొప్పి తక్కువున్న రోజు నేను ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికి పడేసేదాన్ని, తర్వాత రెండు రోజులు మంచం పట్టేదాన్ని. బాగున్న రోజు కూడా కొంతే చెయ్యాలి, బాగలేని రోజు కూడా కొంత చెయ్యాలి అంది మేడం. నొప్పి ఎనిమిదికి పోయాక ఆగడం కాదు, నాలుగు దగ్గరే ఆగాలి. ఆగి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ పనికి పోవాలి.

రెండు నెలల్లో చింతచెట్ల దగ్గర ఏడు మూడుకొచ్చింది. నేను చంటిపిల్లలా మురిసిపోయాను. కానీ పలమనేరు నుంచి కుప్పం దాకా పెద్ద లోటు మిగిలిపోయింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక మా బండిలో అడుగు తీసి అడుగు వేయలేం. గంటన్నరపాటు ఆ ఇరుకులో ఒంటికాలి మీద ఒరిగి నిలబడాలి. వి.కోట దగ్గర నాలుగు దాటుతుంది, శాంతిపురానికి ఎనిమిది. మధ్యలో ఒక్కచోట రెండు నిమిషాలు దిగి నడవాలి. అంటే నా కోసం బండి ఆపాలి. ఎవరెవరి కోసమో రోజుకు వందసార్లు హోల్డాన్ అంటాను, నా కోసం అనడానికి నోరు రాలేదు. అంతమంది ముందర ఆపితే నొప్పి సంగతి బయటపడుతుంది. ఆ కబురు డిపోకు చేరడానికి ఎంతసేపు? అందుకని మేడం చెప్పినవన్నీ చేశాను, ఆ ఒక్కటీ చేయలేదు. ఎనిమిది తగ్గలేదు.

ఒకరోజు సాయంత్రం నడక అయ్యాక ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ చేటలో అలసందలు వలుస్తోంది. ఆమె నడుము ఎప్పుడో వంగిపోయింది. ఆమె అంతే, ఆమె ఆకారమే అంత అనుకునేదాన్ని నేను. ప్రశ్నలు అడిగే జబ్బు అప్పటికి నాకు బాగా ముదిరింది కాబట్టి అడిగాను.

"మ్మా, నీకు నడుము నొయ్యదా?"

"నొస్తే? టమోటా ఏమన్నా ఆగతాదా?"

"ఎప్పటినుంచి?"

ఆమె కాయ వలిచి గింజలు చేటలో వేసింది.

"నువ్వు పుట్టినప్పటినుంచి."

ఊరందరినీ తన్నాను. మీసాలవాళ్ళను, మేస్త్రీలను, పక్క ఊళ్ళవాళ్ళను. ఆ నొప్పులన్నిటికంటే పాతది మా ఇంట్లోనే, నేను పుట్టిన రోజునే పుట్టి, పొయ్యి దగ్గర కూర్చుని నాకు అన్నం పెట్టింది.

"నన్ను యాల అడగలేదు మ్మా?"

"కన్నతల్లికి కాలు తగిలిస్తే నీకు పాపం గదా మ్మే. ఎట్ల అడగతా?"

"మరి ముప్పై ఏండ్లు ఎట్ల వంగి పనిచేసినావు?"

దానికి ఆమె వంటకం చెప్పినట్టు చెప్పింది. నాలుగు సాళ్ళు అయినాక ఒకసారి లేచి నిలబడేదట. ఊరికే నిలబడితే మేస్త్రీ తిడతాడు. అందుకని కొంగు జారకపోయినా విప్పి మళ్ళీ దోపుకునేదట. అంతసేపూ నడుము నిలుపుకుని మళ్ళీ వంగేది. ఇంకో నాలుగు సాళ్ళు, మళ్ళీ కొంగు. "కొంగు నిలవదు దీనికి" అని తోటలో అందరూ నవ్వేవాళ్ళట. నవ్వితే నవ్వనీ అనుకునేదట.

నొప్పి పెరగకముందే ఆగడం, కొంచెం ఆగి మళ్ళీ కదలడం. పుంగనూరు మేడం చదువుకుని చెప్పిన పాఠం మా అమ్మ సాళ్ళ మధ్య నిలబడి తనకు తానే నేర్చుకుంది. నాకు గర్వంగా అనిపించింది. దాని వెంటే ఒళ్ళు మండే కోపమూ వచ్చింది. రెండు నిమిషాలు నడుము ఎత్తడానికి ఒక మనిషి ముప్పై ఏళ్ళు కొంగు వంక పెట్టుకోవాల్సి వచ్చింది. నేను యూనిఫాం వేసుకుని, నెల జీతం తీసుకుంటూ, ఆ వంకలోనే బతుకుతున్నాను.

మర్నాడు వి.కోట దాటాక నడుములో నాలుగు దాటింది. శాంతిపురం ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఖాళీ స్థలం కనిపించింది.

"హోల్డాన్!" అన్నాను.

డ్రైవరన్న బండి పక్కకు తీసి ఆపాడు. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. నేను దిగి బస్సు చుట్టూ నడవడం మొదలుపెట్టాను. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"ఏమప్పా, బండి చెడిపోయిందా?" అని ఒక పెద్దాయన అరిచాడు.

"బండి బాగనే ఉండాది. కండక్టరమ్మకు నడుము నొస్తాంది. రెండు నిమిషాలు నడిచి ఎక్కతాది," అన్నాడు డ్రైవరన్న, ఊరంతా వినేటట్టు. జీవితంలో ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

"నాకు బెంగళూరు రైలుండాది. తప్పిపోతే ఎవురు బాధ్యత?" అని ఒక కుర్ర ఉద్యోగి విసుక్కున్నాడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎక్కేద్దామా అనుకున్నాను. అంతలో ముందు తలుపు దగ్గర ఒక ముసలమ్మ మెట్టు మీద కూర్చుని కాళ్ళు కిందికి జార్చింది.

"ఉండు నాయనా. ఎట్లాగూ ఆపినారు గదా, నేనూ దిగతా. మోకాళ్ళు రెండూ పట్టేసినాయి," అంది.

ఆమె వెనక రాళ్ళకు పాలిష్ పట్టే పనికి పోయేవాడు ఒకడు దిగాడు, భుజం తిప్పుకుంటూ. తర్వాత మెడ పట్టేసిన ఒక టీచరమ్మ. తర్వాత చంటిబిడ్డను చంకనేసుకున్న ఒక తల్లి. చూస్తుండగానే పదిహేను మంది కింద ఉన్నారు. ఒకరు నడుము వెనక్కి వంచుతున్నారు, ఒకరు కాలు విదిలిస్తున్నారు. "నీకెన్నాళ్ళు?" "మూడేండ్లు. నీకు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఇన్నేళ్ళు వాళ్ళందరి సంచుల్లో ఏముందో అడిగిన నాకు ఈ సంగతి మాత్రం తెలియదు. నాలుగు నిమిషాల తర్వాత అందరూ ఎక్కారు. రైట్ రైట్ అన్నాను. శాంతిపురంలో నా మార్కు నాలుగే ఉంది.

కుప్పంలో ఆ కుర్రాడు రైలు దొరికే సమయానికే దిగాడు, కానీ మా బండి నాలుగు నిమిషాలు ఆలస్యం. షీటులో ఆలస్యానికి కారణం రాయాలి. నేను రాసింది చూసి అక్కడి కంట్రోలరు తలెత్తాడు.

"ఇదేందమ్మా? ట్రాఫిక్ అని రాసెయ్, ఎవురూ అడగరు."

"ట్రాఫిక్ లేదప్పా. నడుమే."

ఆయన సంతకం పెట్టాడు. అనుకున్నట్టే మూడో రోజు డిపోలో పిలిచారు. డ్రైవరన్న నాతోపాటు వచ్చాడు. బోర్డుకు పంపాలేమో అని ఆఫీసరు అంటుండగా, "పలమనేరులో పది నిమిషాలు ఆగతాండాము సార్, ఆరు నిమిషాలకే తీస్తా. ఆ నాలుగు నిమిషాలు ఆడ వాడుకుంటాము. కుప్పం టైముకే పోతాది బండి," అన్నాడాయన. ఆఫీసరు షీట్లు కాసేపు తిరగేశాడు. బండి టైముకు చేరుతున్నంతకాలం చూద్దాంలెండి అన్నాడు. మాట ఇవ్వలేదు, బస్సు దింపనూ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె మధ్యలో ఆపింది.

"కాగితం మీద రాసినావా? నడుము నొస్తాందని?"

"రాసినాను."

"ఏమని రాసినావో సెప్పు."

"కారణం, కండక్టర్ నడుము నొప్పి."

"మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. అమ్మకు చదవడం రాదు. పెదాలతో మెల్లగా ఆ మాటలు ఒకసారి అనుకుంది. నేనేమీ అడగకుండానే, "ఈ పొద్దు నాకూ శానా నొస్తాంది మ్మే," అంది.

"యాడ మ్మా?"

అమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుని వెతికి, వేలు ఒకచోట ఆనించింది. "ఈడ," అంది.

నేను ఆమె పక్కన కూర్చుని అక్కడ చెయ్యి పెట్టాను.